అది టైటానిక్ కాదు, ఒలింపిక్

సంపాదకులు గారికి నమస్కారం.

ఓడల మోడళ్లు చేసేవాళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో రెండు పేజీల వ్యాసం వేశారు. ఈ పనికి ఒక తెలుగు పత్రిక ఇంత చోటు ఇచ్చిందని సంతోషపడుతూ రెండుసార్లు చదివాను. కానీ రెండు విషయాలు నన్ను ఊరుకోనివ్వడం లేదు. ఒకటి, టైటానిక్ అని వేసిన పెద్ద ఫోటో. అది టైటానిక్ కాదు, దాని అక్క ఒలింపిక్. రెండోది, ఇదంతా ఒంటరి మనుషుల కాలక్షేపం అంటూ వ్యాసాన్ని ముగించిన తీరు. ఈ రెండింటికీ ఒకేసారి జవాబు చెప్పగలిగిన సంగతి ఒకటి నా దగ్గర ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఫోటో. ఒలింపిక్, టైటానిక్ రెండూ బెల్‌ఫాస్ట్‌లోని హార్లాండ్ అండ్ వుల్ఫ్ యార్డులో పక్కపక్కనే తయారయ్యాయి. ఒలింపిక్ 1910 అక్టోబర్ 20న నీళ్లలోకి దిగింది, టైటానిక్ 1911 మే 31న. రెండింటికీ నాలుగేసి పొగగొట్టాలు, ఒకటే పోలిక. దూరం నుంచి చూస్తే ఎవరైనా తికమకపడతారు. తేడా తెలియాలంటే లైఫ్ బోట్లు వేలాడే డెక్కుకి సరిగ్గా కింద ఉండే 'ఏ' (A) అనే డెక్కుని చూడాలి. ఒలింపిక్‌లో అది ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తెరిచిన వరండాలా ఉంటుంది. టైటానిక్‌లో ముందు సగం కిటికీలతో మూసేశారు, ఎందుకంటే ఒలింపిక్ మీద తిరిగే ప్రయాణికుల మీద అక్కడ నీటి తుంపర్లు పడుతున్నాయని తెలిసింది. ఆ కింద బీ డెక్కులో కూడా తేడా ఉంది. ఒలింపిక్ కిటికీలు సమానమైన ఎడంతో వరుసగా ఉంటే, టైటానిక్‌లో ఎడం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మీరు వేసిన ఫోటోలో వరండా మొత్తం తెరిచే ఉంది.

అంతటితో ఆగితే ఇది చిన్న పొరపాటే, నేను ఉత్తరం రాసేదాన్ని కాదు. దయచేసి ఆ ఫోటోలో లైఫ్ బోట్లను ఒకసారి చూడండి. ముందు నుంచి వెనక దాకా ఎక్కడా ఖాళీ లేకుండా బారుగా ఉన్నాయి. టైటానిక్‌లో అలా లేవు. దాని మీద ఉన్నవి మొత్తం 20 బోట్లు. డెక్కు మీద ఒక్కో పక్కన ముందు నాలుగు, వెనక నాలుగు వేలాడేవి, మధ్యలో పెద్ద ఖాళీ. మిగతా నాలుగూ మడిచిపెట్టే రకం. అన్నీ నిండా నింపినా 1,178 మందికి చోటు. ఆ రాత్రి ఓడ మీద సుమారు 2,200 మంది ఉన్నారు. సుమారు 1,500 మంది చనిపోయారు. ఆ ఘోరం జరిగిన తర్వాతే ఒలింపిక్‌ని మళ్లీ యార్డుకి తీసుకెళ్లి, 1913 నాటికి బోట్లు పెంచి, డెక్కు పొడుగునా వరుస కట్టారు. అంటే మీ ఫోటో తీసేనాటికి టైటానిక్ సముద్రం అడుగున ఉంది. ఆ బోట్ల వరుస వచ్చిందే టైటానిక్ మునిగినందువల్ల. ఆ ఫోటో కింద టైటానిక్ అని రాసి ఉంటే, చూసిన పిల్లలు ఏమనుకుంటారు? అందరికీ సరిపడా బోట్లున్నాయి కదా, మరి ఇంతమంది ఎందుకు పోయారు అనుకుంటారు. ఓడ పేరు తప్పయితే చరిత్ర కూడా తప్పవుతుంది. అందుకే అడుగుతున్నాను, సవరణ వేయండి.

ఇదంతా నాకు పుట్టుకతో తెలిసింది కాదు. నేను డ్రాయింగ్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా మొదటి పెద్ద మోడల్ టైటానికే, 1:200 స్కేలులో. అసలు ఓడ 269 మీటర్లు కాబట్టి మోడల్ 134 సెంటీమీటర్ల పైచిలుకు వచ్చింది. కిట్ కొని చేసింది కాదు. ఓడని నీటిమట్టానికి సమాంతరంగా పలకలు పలకలుగా కోసినట్టు చూపించే గీతల ప్లాను ఉంటుంది. ఒక్కో గీత ప్రకారం ఒక్కో పలక కోసి, పలక మీద పలక అంటించి, మెట్లుమెట్లుగా వచ్చిన ఆ దిమ్మని చిత్రిక పట్టి నునుపు చేశాను. పైనుండే డెక్కులకు మాత్రం ఫోటోలను నమ్ముకున్నాను. టైటానిక్ అని రాసి ఉన్న ఫోటోలే అవి, సగం పైగా ఒలింపిక్‌వి. నాకప్పుడు ఆ సంగతి తెలియదు. ఏడు నెలలు కూర్చుని, అర మిల్లీమీటర్ ఇత్తడి తీగ ముక్కలతో 'ఏ' డెక్కు పొడుగునా స్తంభాలు నిలబెట్టాను.

మా నాన్నగారి స్నేహితులు ఒకాయన ఓడల్లో ఇంజినీరుగా తిరిగినవారు, తర్వాత ఇంట్లో మోడళ్లు చేసుకునేవారు. బాబాయిగారు అని పిలిచేదాన్ని. ఒక సాయంత్రం చూడటానికి వచ్చారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. టేబుల్ చుట్టూ ఒకసారి తిరిగి, కళ్లద్దాలు తీసి, మోడల్ ఎత్తుకి వంగి చాలాసేపు పక్క నుంచి చూశారు.

"అమ్మాయ్, పేరు ఇంకా రాయలేదుగా?"

"లేదు బాబాయిగారూ."

"మంచిది. ఒలింపిక్ అని రాసెయ్యి. టైటానికే కావాలంటే ముందు సగం మూసెయ్యాలి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పేరు మార్చేస్తే పోతుంది కదా అని కూడా అనుకున్నాను. తెల్లారేసరికి ఆయనే ఒక ఫైలు, చిన్న చెక్క డబ్బా పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. ఫైల్లో డెక్కుల ప్లాన్లు, రెండు ఓడల ఫోటోలు ఎదురెదురుగా అంటించిన కాగితాలు. డబ్బాలో ఒక చిత్రిక.

ఆ చిత్రిక గురించి చెప్పాలి. బొటనవేలంత ఉంటుంది, ఇత్తడిది. వయొలిన్లు చేసేవాళ్లు వాడే రకం. మామూలు చిత్రికకి అడుగు చదునుగా ఉంటుంది, దీనికి పడవ అడుగులా గుండ్రంగా ఉంటుంది, కాబట్టి పల్లంలోకి దిగి గీకుతుంది. నా మోడల్ వెనక భాగం కింద, చుక్కాని పైన ఓడ లోపలికి ఒంపు తిరిగే చోట చెక్క ఉండాల్సిన దానికన్నా మందంగా ఉండిపోయింది. ఉలితో భయం, ఉప్పుకాగితంతో ఒంపు రాదు. బాబాయిగారు అట్టముక్క మీద ఆ చోటి ఆకారం గీసి కత్తిరించి, అంచుకి మెత్తటి పెన్సిల్ బాగా రుద్ది, చెక్కకి ఆనించి కొంచెం కదిపారు. ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నల్ల మరక పడింది. ఆ మరక ఉన్నంత మేరే చిత్రికతో ఒక పొర తీయాలి. మళ్లీ అట్ట ఆనించాలి, మళ్లీ మరక, మళ్లీ ఒక పొర. మొదట్లో ఒక్కచోటే మరక పడుతుంది. పని దగ్గరపడేకొద్దీ అంచు పొడుగునా సన్నగా గీతలాగా పడుతుంది. అప్పుడు ఆపాలి. ఇంకొక్క పొర తీద్దామనిపిస్తుంది, తీయకూడదు. చెక్క నార ఎటు పోతుందో చూసి ఆ వాలునే నెట్టాలి. ఎదురు నెడితే పెచ్చు లేచిపోతుంది. ఆ రోజు నేను తీసిన పొరలు ఉల్లిపొరలంత పలచగా వచ్చాయి. ఒకటి ఇప్పటికీ నా పుస్తకంలో ఉంది.

'ఏ' డెక్కు కిటికీలు కూడా ఆయన సలహాతోనే నిలబడ్డాయి. పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీని సూపర్ గ్లూతో అంటిస్తే మర్నాటికి మంచు పట్టినట్టు తెల్లగా మసకబారింది. ఆ జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి ప్లాస్టిక్ మీద పేరుకుంటుంది. అద్దాలకి తెల్ల జిగురే వాడాలని ఆయన చెప్పాక మొత్తం పీకి మళ్లీ చేశాను. ఆ ఆవిరి కళ్లకీ, ఊపిరితిత్తులకీ మంచిది కాదు, చెక్కపొడి కూడా అంతే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని పని చేయండి.

చిత్రిక తిరిగి ఇచ్చేటప్పుడు డబ్బా మూతలో మడిచిన కాగితం చూశాను. విక్టరీ, వాసా, కట్టీ సార్క్, ఇంకా కొన్ని ఓడల పేర్లు, ఒక్కోటీ ఒక్కో చేతిరాతలో. చిత్రిక తీసుకెళ్లినవాళ్ల పేర్లు లేవు. "నువ్వూ రాయి" అన్నారు బాబాయిగారు. టైటానిక్ అని రాశాను. అప్పటికి నా మోడల్ మీద కూడా ఆ పేరు రాసుకునే అర్హత వచ్చింది.

దీన్ని ఒంటరి మనుషుల కాలక్షేపం అని ఎలా అంటారండీ? చేతులు ఒంటరిగా పని చేస్తాయి, నిజమే. కానీ నా టైటానిక్‌లో తప్పు కనిపెట్టిన కన్ను ఇంకొకరిది, ఒంపు తీసిన పనిముట్టు ఇంకొకరిది. తర్వాత కట్టీ సార్క్ చేసినప్పుడు మరీనూ. 1869లో నీళ్లలోకి దిగిన ఆ తెరచాపల ఓడకి తాళ్లే ప్రాణం. అసలు ఓడ మీద తాళ్లు, కేబుళ్లు కలిపి 11 మైళ్లని లెక్క. నావికులు ఎక్కే తాడు నిచ్చెన మెట్లు 1:96 స్కేలులో నాలుగు మిల్లీమీటర్లకి ఒకటి వస్తాయి, ప్రతి కూడలిలోనూ ముడి వేయాలి. కుట్టుదారం కడితే అది దారంలాగే కనిపిస్తుంది, తాడులా కనిపించదు. తాడు పేనాలి. మూడు కొక్కేలకి మూడు పోగులు తగిలించి, పళ్లచక్రాలతో తిప్పి పురి ఎక్కించి, మూడు గాళ్లున్న చిన్న చెక్క దిమ్మని వాటి మధ్య నడిపిస్తే దాని వెనక ముప్పురి తాడు తయారవుతూ వస్తుంది. పోగులకి ఒక వైపు పురి, తాడుకి దానికి ఎదురు పురి, అందుకే విడిపోదు. తాడు పేనే ఆ యంత్రం నాకు అరువు ఇచ్చినావిడని నేను అంతకుముందు చూడను కూడా లేదు. రెండేళ్లకోసారి అవసరమయ్యే పనిముట్టు ప్రతి ఇంట్లో ఎందుకని ఆవిడ వాదన. నాదీ అదే మాట. చిన్న లేత్ అయినా, రంపం మిషన్ అయినా, మూలన దుమ్ము పట్టేకంటే నలుగురి చేతుల్లో తిరగడం మేలు.

మోడళ్లంటే బొమ్మలేగా అనేవాళ్ల కోసం ఇంకొక్క మాట. అసలు ఓడలు కట్టేవాళ్లే ఒకప్పుడు ముందు చెక్కతో సగం ఓడ మోడల్ చెక్కి, దాని నుంచి కొలతలు తీసుకునేవారు. ఇంగ్లండ్‌లో విలియం ఫ్రూడ్ అనే ఇంజినీరు 1872లో టార్కీ అనే ఊరి దగ్గర నీటి తొట్టి కట్టించి, మైనపు మోడళ్లని అందులో లాగుతూ, పెద్ద ఓడని నీరు ఎంత అడ్డుకుంటుందో లెక్కగట్టాడు. ఈనాటికీ కొత్త ఓడల డిజైన్లను మోడళ్లతో తొట్లలో పరీక్షిస్తూనే ఉన్నారు.

మీ విలేకరులకి ఒక విన్నపం. ఈ కాలపు ఓడల విషయంలో పేరు తప్పు పడే అవసరమే లేదు. పేరు మారుతుంది, రంగు మారుతుంది, జెండా మారుతుంది, యజమాని మారతాడు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) పేరుతో ఓడకిచ్చే ఏడంకెల ఐఎంఓ నంబరు మాత్రం ఓడని విప్పేసేదాకా మారదు. సొంత ఇంజన్లతో తిరిగిన ఓడల్లోకెల్లా పొడవైనది, ఇప్పుడు విప్పేసిన 458 మీటర్ల చమురు ట్యాంకరు, సీవైజ్ జెయింట్‌గా మొదలై హ్యాపీ జెయింట్, జారే వైకింగ్, నాక్ నెవిస్, చివరికి మాంట్ అయింది. అయిదు పేర్లకీ నంబరు ఒకటే, 7381154. నంబరు సరిగ్గా రాసుకున్నారో లేదో కూడా అక్కడికక్కడే చూసుకోవచ్చు. మొదటి ఆరంకెలని వరుసగా 7, 6, 5, 4, 3, 2తో హెచ్చవేసి కూడండి. ఇక్కడ 49, 18, 40, 4, 3, 10 కలిపితే 124. చివర 4 వచ్చింది, నంబరులో ఏడో అంకె కూడా 4. ఫోటోగ్రాఫర్ ఓడ వెనక భాగాన్ని కూడా ఒక ఫోటో తీసుకుంటే చాలు, పేరు, రిజిస్టరైన రేవు అక్కడే ఉంటాయి, చాలా ఓడలకి నంబరు కూడా అక్కడే రాసి ఉంటుంది.

నంబర్లు లేని పాత ఓడలకి కంటి సాయమే గతి. అలాంటి ఫోటో వేసే ముందు మోడళ్లు చేసేవాళ్లనెవరినైనా ఒక్కసారి అడగండి. మాలో ఎవరూ విసుక్కోరు. నన్నడిగినా చెబుతాను.

బాబాయిగారు పోయి మూడేళ్లయింది. చిత్రిక ఆయన మాట ప్రకారం నా దగ్గరికి వచ్చింది. ప్రస్తుతం నా దగ్గర లేదు, వాసా చేస్తున్న ఒక కాలేజీ కుర్రాడు తీసుకెళ్లాడు. అది ఉంటే దాని ఫోటో కూడా పంపేదాన్ని. ఈ ఉత్తరంతో రెండు ఫోటోలు జత చేస్తున్నాను. ఒకటి నా మోడల్‌ని ఎడమ పక్క నుంచి తీసింది, 'ఏ' డెక్కు ముందు సగం స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది మీ పేజీలోంచి కత్తిరించిందే, తెరిచి ఉన్న వరండాకీ, బోట్ల వరుసకీ ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. సవరణ వేసేటప్పుడు వీలైతే రెండూ పక్కపక్కన వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్