చైనా పటానికి మూడో రంగు: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

జపాన్–చైనా యుద్ధం చెప్పేటప్పుడు పటానికి రెండే రంగులు వేయడం అలవాటు. సాంఘిక శాస్త్రం పుస్తకాన్ని ఈసారి సవరించేటప్పుడు మూడో రంగు కూడా వేయించండి. జపాన్ పక్షాన తుపాకీ పట్టిన చైనా సైనికులది ఆ రంగు. వాళ్లు లక్షల్లో ఉన్నారు.

అయితే ఆ రంగును ఒకే ముద్దగా పులిమితే తప్పే. 1932లో చైనా చివరి చక్రవర్తి పూయీని ముందుంచి జపాన్ మంచూరియాలో నిలబెట్టిన మంచుకువో రాజ్యపు సైన్యం వేరు. దాని తొలి బలగంలో చాలామంది అంతకుముందు మంచూరియాను ఏలిన సేనాని జాంగ్ ష్వేలియాంగ్ పాత దళాల వాళ్లే. లోపలి మంగోలియాలో మంగోల్ రాకుమారుడు డెమ్‌చుగ్‌డోంగ్రుబ్ దళాలు వేరు. 1940 మార్చి 30న నాన్‌జింగ్‌లో జపాన్ అండతో కొలువుదీరిన వాంగ్ జింగ్‌వెయ్ ప్రభుత్వ సైన్యం మరొకటి. ఉత్తర చైనా దళాలు పేరుకు నాన్‌జింగ్ కిందివే, నడిచింది మాత్రం విడిగా. పటంలో నాలుగు ముక్కలూ చూపి, ఒక్కోదాని పక్కన ఏడాది వేయాలి.

జపాన్ వీళ్లనెంత నమ్మిందో చెప్పడానికి పేజీలు అక్కర్లేదు, ఒక జెండా బొమ్మ చాలు. అసలైన కువొమింటాంగ్ (చైనా జాతీయవాద పార్టీ) మాదేనంటూ వాంగ్ కూడా, జపాన్ మీద పోరాడుతున్న చైనా నాయకుడు చియాంగ్ కైషేక్ జెండానే ఎత్తాడు: ఎర్ర గుడ్డ, పైమూలన నీలం, అందులో తెల్ల సూర్యుడు. ఎదుటనున్నది శత్రువో మిత్రుడో తేలదని జపాన్ సైన్యం అడ్డం తిరిగింది. చివరికి జెండా పైన పసుపుపచ్చ త్రికోణపు గుడ్డ కట్టించారు. దాని మీద ఆరు చైనా అక్షరాలు: శాంతి, కమ్యూనిస్టు వ్యతిరేకత, దేశ నిర్మాణం. 1943లో గానీ అది ఊడలేదు.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 1937 జూలై 29న బీజింగ్ పక్కనున్న తోంగ్‌జౌలో, జపాన్ అండతో ఏర్పడిన తూర్పు హెబేయ్ దళాలే తిరగబడి జపాన్ సైనికులతోపాటు రెండు వందలకు పైగా జపాన్, కొరియా పౌరులనూ చంపేశాయి.

‘ద్రోహులు’ అని ఒక్క మాటతో తేల్చేస్తే సేనాని ఊ హ్వావెన్‌ను ఎక్కడ పెడతాం? 1943లో జపాన్ వైపు, 1945లో మళ్లీ చియాంగ్ వైపు, 1948 సెప్టెంబరులో జినాన్ దగ్గర కమ్యూనిస్టుల వైపు వెళ్లాడు. 1949 ఏప్రిల్‌లో నాన్‌జింగ్‌లో అడుగుపెట్టిన 35వ సైన్యానికి ఆయనే సారథి! సేనానికి తన పటాలమే ఆస్తి. అది చేజారితే అతనికి విలువ లేదు. పక్షాలు మారడానికి పెద్ద కారణం ఇదే, పాఠంలో ఇది రావాలి.

పేర్ల దగ్గరా జాగ్రత్త పడాలి. ఒక పేజీలో వాంగ్ చింగ్‌వై, మరో పేజీలో వాంగ్ జింగ్‌వెయ్ అని ఉంటే పిల్లలు ఇద్దరనుకుంటారు. నాన్‌కింగ్, నాన్‌జింగ్ సంగతీ అంతే. ఒకే పద్ధతి పట్టుకుని, పాత రూపాన్ని మొదటిసారి మాత్రం పక్కన ఇస్తే సరిపోతుంది.

ఇక తరగతిలో తప్పక వచ్చే ప్రశ్న: 1943 నవంబరులో జపాన్ తన పక్షం వాళ్లతో జరిపిన టోక్యో సమావేశంలో వాంగ్ ఉన్నాడు, పరిశీలకుడిగా సుభాష్ చంద్రబోసూ ఉన్నారు, మరి తేడా ఏమిటి? ఉపాధ్యాయుల కరదీపికలో దీనికి జవాబు ఉండాలి. ఆజాద్ హింద్ ఫౌజ్‌కూ జపాన్ ఆసరా ఉంది, అది దాచక్కర్లేదు. కానీ ఆ ఫౌజ్ లేచింది తన దేశాన్ని ఏలుతున్న బ్రిటన్ మీద. వాంగ్ సైన్యం కాపు కాసింది తన దేశాన్నే ఆక్రమించిన వాళ్లకు.

ఇట్లు,
కొందరు చరిత్ర ఉపాధ్యాయులు