‘చెట్టు కింద ప్లీడరు’ అనకండి

సంపాదకుడు గారికి,

ఈ మధ్య మీ పత్రికలో ఒక వార్తకు ‘చెట్టు కింద ప్లీడర్లు’ అని శీర్షిక పెట్టారు. చదివి మనసుకు చాలా కష్టమేసింది. కేసులు లేని వకీలును ఇంగ్లీషువాళ్లు ‘బ్రీఫ్‌లెస్’ అంటారు. అందులో చేతిలో కేసు లేదన్న సంగతే ఉంది. మన మాటలో మాత్రం కూర్చోను కుర్చీ కూడా లేదన్న ఎగతాళి ఉంది.

నా బిడ్డ హనుమకొండ కోర్టులో రెండేళ్లుగా జూనియర్. పొద్దున్నే సీనియర్ ఆఫీసుకు పోయి ఫైళ్లు సర్దుతుంది, వాయిదాలు డైరీలో రాసుకుంటుంది. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. అప్పుడు మెడకు కట్టుకునే తెల్ల బ్యాండు ఉతికి కిటికీకి ఆరేస్తుంది. సొంతంగా వకాలత్ వేసిన కేసు ఇప్పటికి ఒక్కటే. మొన్న చుట్టాల పెండ్లిలో ఒకాయన “ఏం బిడ్డా, ఇంకా చెట్టు కిందనేనా?” అన్నాడు. అందరూ నవ్వారు. పిల్ల సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

కేసులు రాకపోవడం తెలివి లేక కాదు. కొత్తగా కిరాణం పెట్టినవాళ్లు ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పుకోవచ్చు. వకీళ్లు ప్రకటన ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమమే ఉంది. నలుగురి నోటా పేరు పాకేదాకా ఎదురు చూడాల్సిందే. దానికి ఏండ్లు పడుతుంది.

ఒకరోజు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి కోర్టుకు పోయాను. నిజంగానే వేపచెట్టు కింద ఉంది. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మకు నోటీసు చదివి చెబుతోంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టిస్తారని చెప్పి, న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు దాకా వెంట పోయి చూపించి వచ్చింది. పైసా తీసుకోలేదు.

జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లోనే జూనియర్లకు నెలకు 5 వేలు ఇచ్చే పథకం పెట్టింది. మన ప్రభుత్వం, మన బార్ కౌన్సిల్ కూర్చుని ఇక్కడి జూనియర్లందరికీ నెలనెలా ఎంతో కొంత చేతికందేలా చూడాలి. మీరు దాని గురించి రాయండి. రాసేటప్పుడు ‘జూనియర్ వకీళ్లు’ అనే రాయండి.

— ఒక జూనియర్ వకీలు తండ్రి, హనుమకొండ