లంక ఓటరు, మన ఓటరు

సంపాదకులకు నమస్కారం.

శ్రీలంక మాట వస్తే చాలు, మా ఊరి టీ కొట్టు దగ్గర ఒకటే తీర్పు: "ఉచితాలు పంచి మునిగారు". అది సగం నిజమే. 2019లో గెలిచిన గొటబయ రాజపక్స ప్రభుత్వం వెంటనే వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించింది. కంపెనీల పన్నూ తగ్గించింది. ఖజానాకు చిల్లు పడింది అక్కడ. తర్వాత కోవిడ్ వచ్చి టూరిస్టులు ఆగిపోయారు.

2021లో ఇంకా ఘోరం: రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశారు. సార్వా (ఖరీఫ్) నాట్లయ్యాక యూరియా వారం ఆలస్యమైతేనే మనకెంత టెన్షనో డెల్టా రైతుకు చెప్పాలా? కొన్ని నెలలకు వెనక్కి తగ్గారు గానీ, అప్పటికే వరి దిగుబడి పడిపోయింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమన్నారు. జులైలో అధ్యక్షుడే దేశం దాటాడు.

2019లో 3 శాతం ఓట్లే వచ్చిన అనుర కుమార దిసనాయకెను అక్కడి జనం 2024లో అధ్యక్షుడిగా గెలిపించారు. ఆయన అద్భుతాలు చేస్తాడని నేననను. అప్పిచ్చిన ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) షరతులు ఆయన మెడకూ ఉన్నాయి. కానీ రాజపక్సల లాంటి పాత కుటుంబాలను పక్కన పెట్టడానికి ఓటరుకు ధైర్యం కావాలి.

ఇక మన దగ్గర చూడండి: గిట్టుబాటు లేక 2011లో కోనసీమ రైతులు పంట వేయబోమని క్రాప్ హాలిడే ప్రకటించారు. అంత కోపం ఉన్న చోట కూడా పోలింగ్ ముందు రాత్రి కులం లెక్కలు, నోట్ల కవర్లే నడుస్తాయి. కౌలుదారుకు గుర్తింపు కార్డు, మురుగు కాల్వల పూడిక గురించి అభ్యర్థిని నిలదీసేవాళ్లు తక్కువ. ఈసారి ఎన్నికలప్పుడు ఈ రెండింటిపై అభ్యర్థుల జవాబులు మీ జిల్లా ఎడిషన్‌లో వరసగా వేయండి.

– ఒక కౌలు రైతు, అమలాపురం