డబ్లిన్ నుంచి బాబాయికి: సరిహద్దు అవతలి పాత కారు లెక్క

డబ్లిన్

బాబాయికి నమస్కారాలు.

మీరు ఫోన్లో అడిగింది రెండు మాటల్లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. చిన్నోడు ఇక్కడ ఉద్యోగంలో చేరగానే కారు కావాలంటున్నాడు. బెల్‌ఫాస్ట్‌లో చవకని వాడికెవరో ఎక్కించారు. ఢిల్లీ బండి బెజవాడ తెచ్చినట్టే గదా అని మీరన్నారు. చాలావరకు అంతే. ఎన్‌వోసీ, లైఫ్ టాక్సు, నంబరు మార్పు అన్నీ మీ ఆటోనగర్‌లో రోజూ చూసేవే. కాకపోతే ఇక్కడ పన్ను మనం కొన్న ధర మీద కాదు, ఇక్కడి పన్నుల వాళ్లు అనుకున్న ధర మీద. దానికి తోడు, కాగితం ఒక్కటి తగ్గితే బండి ధరలో మూడో వంతుకు పైనే అదనంగా పడుతుంది.

డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ రోడ్డు మీద రెండు గంటలు. దారిలో చెక్‌పోస్టు లేదు, గేటు లేదు. వేగం బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లకు మారితే ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే బ్రిటన్ పాలన కిందికి, వచ్చామని అర్థం. అడిగేవాడు లేడు కదా అని చాలామంది తెచ్చేసి తిరుగుతుంటారు. కానీ బండి ఇవతలికి వచ్చిన 7 రోజుల్లో ఎన్‌సీటీ, అంటే ఇక్కడి బండ్ల తనిఖీ కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ పన్ను కట్టి ఐరిష్ నంబరు వేయించాలి. ఈ పన్నునే వీఆర్‌టీ అంటారు. గడువు దాటితే పన్నులో రోజుకు 0.1 శాతం చొప్పున అదనం. పోలీసులో కస్టమ్స్ వాళ్లో రోడ్డు మీద ఆపితే బండినే పట్టుకుపోగలరు.

ముందు పన్ను లెక్క చెప్తాను. ఇక్కడ పన్నులు వసూలు చేసే రెవెన్యూ శాఖ ప్రతి మోడల్‌కూ, వేరియంట్‌కూ, వయసుకూ ఇక్కడి మార్కెట్లో ఎంత పలుకుతుందో ఒక ధర కడుతుంది. చిన్నోడు బేరమాడి రెండు వేలు తగ్గించినా ఆ ధర తగ్గదు. ఆ ధర మీద, బండి కిలోమీటరుకు వదిలే కార్బన్ డయాక్సైడును బట్టి 7 నుంచి 41 శాతం దాకా పన్ను. రెవెన్యూ వెబ్‌సైట్లో లెక్కగట్టే పేజీ ఉంది, కొనకముందే చూసుకోవచ్చు. అయితే వేరియంటు సరిగ్గా ఎంచుకోవాలి. ఒకే మోడల్‌లో అలాయ్ వీల్స్, ఆటోమేటిక్ గేరు ఉన్నదానికీ లేనిదానికీ ధర వేరే. తక్కువ వేరియంటు పెట్టి చూసుకుని సంతోషపడితే, తనిఖీ రోజున వాళ్లు అసలు వేరియంటు రాసుకుంటారు.

ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడే చోటు కార్బన్ అంకె. 2021 జనవరి నుంచి పన్ను శ్లాబులన్నీ కొత్త పరీక్షా పద్ధతి లెక్కలో ఉన్నాయి. పాత బండి కాగితం మీద పాత పద్ధతి అంకె ఉంటుంది. దాన్ని సూత్రం ప్రకారం మారుస్తారు: పెట్రోలుకైతే పాత అంకెను 0.9227తో గుణించి 34.554 కలపాలి, డీజిలుకైతే 1.1405తో గుణించి 12.858 కలపాలి. కాగితం మీద 100 గ్రాములున్న పెట్రోలు బండి తీసుకోండి. అది 126.8 అవుతుంది. 100కైతే 12 శాతం శ్లాబు, 126.8కి 17.5 శాతం. రెవెన్యూ ధర 15,000 యూరోలనుకుంటే 1,800 కట్టాలనుకున్నవాడు 2,625 కట్టాలి.

దీనికి పైన నైట్రోజన్ ఆక్సైడ్ల సుంకం. కిలోమీటరుకు వదిలే మొదటి 40 మిల్లీగ్రాములకు ఒక్కోదానికి 5 యూరోలు, తర్వాతి 40కి 15 చొప్పున, 80 దాటితే 25 చొప్పున. పెట్రోలు బండి 35 మిల్లీగ్రాములైతే 175 యూరోలతో పోతుంది. యూరో-5 డీజిలుకు పరిమితే 180 మిల్లీగ్రాములు, అంత ఉన్న బండికి 3,300. అందుకే పాత డీజిలు ఎంత చవకగా దొరికినా ముట్టుకోవద్దని వాడికి గట్టిగా చెప్పండి. అంకె కాగితం మీద లేకపోతే, రుజువు చూపలేకపోతే గరిష్ఠ సుంకం వేసేస్తారు: డీజిలుకు 4,850, మిగతావాటికి 600. బ్రిటన్ ఆర్సీలో ఇది వీ.3 అనే గడిలో గ్రాముల్లో ఉంటుంది. 0.058 అని ఉంటే 58 మిల్లీగ్రాములని అర్థం. చాలా పాత బండ్లకు ఆ గడి ఖాళీ. అప్పుడు బండి తయారుచేసిన కంపెనీ నుంచి ఆ అంకెలుండే కన్ఫర్మిటీ సర్టిఫికెట్ తెప్పించుకోవాలి, అదీ అపాయింట్‌మెంటుకు ముందే.

ఇప్పుడు అసలు గండం. బ్రెగ్జిట్ తర్వాత, అంటే 2021 జనవరి 1 నుంచి, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ నుంచి వచ్చే బండికి మామూలుగా 10 శాతం కస్టమ్స్ సుంకం, ఆ మొత్తం మీద 23 శాతం వ్యాట్. ఉత్తర ఐర్లాండ్ బండికి ఇవి లేవు. కానీ అది నిజంగా ఉత్తర ఐర్లాండ్ బండేనని మనమే చూపించాలి: 2020 చివరికే అక్కడ రిజిస్టరై ఉండాలి, లేదా తర్వాత వచ్చినా అక్కడి మనిషి సొంతానికి నిజంగా వాడుకుని ఉండాలి, లేదా అక్కడికి వచ్చినప్పుడే కస్టమ్స్ కట్టిన కాగితముండాలి. నిన్న మాంచెస్టర్ నుంచి ఓడ దిగి ఇవాళ సరిహద్దు అవతలి న్యూరీ ఊళ్లో షోరూంలో నిలబడిన బండి ఇందులోకి రాదు. అమ్మేవాడు "ఏం ఫర్లేదు, అందరూ తీసుకెళ్తున్నారు" అంటాడు. తనిఖీ కేంద్రంలో నిలబడేది వాడు కాదు.

ఒకే బండి మీద రెండు లెక్కలూ చూడండి. అక్కడి ధర మన యూరోల్లో 12,000, రెవెన్యూ ధర 15,000. ఉత్తర ఐర్లాండ్ రుజువుంటే 12,000కు 2,625, ఇంకో 175 కలిపి 14,800. రుజువు లేకపోతే 10 శాతంతో 13,200, దాని మీద వ్యాట్ 3,036, అంటే 16,236. పై 2,800 కలిపితే 19,036. డబ్లిన్‌లో 15,000కు దొరికే బండికి! మొదటి లెక్కలో మిగిలే ఆ 200 కూడా ప్లేట్లకూ, రానుపోను ఖర్చుకూ, హిస్టరీ రిపోర్టుకూ సరిపోతుంది. అందుకే మామూలు పెట్రోలు బండి కోసం సరిహద్దు దాటడం దండగని నా అభిప్రాయం. 7 శాతం శ్లాబులో పడే ఎలక్ట్రిక్, లేదా తక్కువ శ్లాబు హైబ్రిడ్ అయితేనో, ఇక్కడ దొరకని వేరియంటు అయితేనో ఆలోచించొచ్చు.

బండి పుట్టుపూర్వోత్తరాలు పట్టుకునే తేలిక మార్గమొకటుంది. ఉత్తర ఐర్లాండ్ నంబరులో ఐ గానీ జడ్ గానీ అక్షరముంటుంది, కానీ ఆ నంబరు ఇంగ్లండ్ బండికీ తగిలించుకోవచ్చు, దాన్ని నమ్మక్కర్లేదు. నమ్మాల్సింది ఎంవోటీ రికార్డు. అది మన ఫిట్‌నెస్ పరీక్ష లాంటిది. బ్రిటన్ ప్రభుత్వ సైట్లో నంబరు కొడితే ఉచితంగా కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఆ పరీక్ష ప్రైవేటు గ్యారేజీలు చేస్తాయి, ఉత్తర ఐర్లాండ్‌లో ప్రభుత్వ కేంద్రాల్లో మాత్రమే చేస్తారు. ఆర్సీ మీది డాక్యుమెంట్ నంబరు కూడా ఇస్తే ఏ కేంద్రంలో చేశారో చూపిస్తుంది. వరసగా రెండు మూడేళ్లు అక్కడి కేంద్రం పేరే ఉంటే సగం దిగులు తీరినట్టే. అక్కడి ఇన్సూరెన్స్ కాగితం, సర్వీసు బిల్లులు కూడా అడిగి తీసుకోవాలి.

ఆ రికార్డులోనే ప్రతి పరీక్షకూ మీటరు రీడింగు ఉంటుంది, తిప్పిన బండి అక్కడే దొరికిపోతుంది. మైళ్లలో ఉంటుందని మరిచిపోకూడదు: 60,000 అంటే 96,500 కిలోమీటర్లు దాటినట్టు. తప్పులు కాకుండా "గమనించండి" అని రాసిన వరసలూ చదవాలి. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి బ్రేకు పైపులు, సబ్‌ఫ్రేము, తలుపుల కింది సిల్లు తుప్పు పడతాయి. పైన మెరుస్తున్న బండిని లిఫ్టెక్కించి అడుగు చూడకుండా డబ్బివ్వకూడదు. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్, ప్యూజో 1.2 ప్యూర్‌టెక్ ఇంజన్లలో చాలావాటికి టైమింగ్ బెల్టు ఆయిల్లో మునిగి తిరుగుతుంది. అది పొట్టు రాలి ఆయిల్ జల్లెడకు అడ్డం పడితే ప్రెషర్ తగ్గి ఇంజనే పోతుంది. బెల్టు మార్చిన బిల్లు లేకపోతే వదిలేయమనండి.

ఫైనాన్స్ విషయం మీకు వింతగా ఉంటుంది. మన ఆర్సీలో హైపోథెకేషన్ ఉంటే కనపడుతుంది, క్యాన్సిల్ చేయించకుండా బండి కదలదు. బ్రిటన్ ఆర్సీలో అప్పు సంగతే ఉండదు. దాన్ని వీ5సీ అంటారు. అందులో పేరున్నవాడు బండిని వాడుకునేవాడే తప్ప యజమాని కానక్కర్లేదని దాని మీదే రాసి ఉంటుంది. అప్పు తీరేదాకా బండి ఫైనాన్స్ కంపెనీదే. అందుకే డబ్బు పెట్టి హిస్టరీ రిపోర్టు తీయాలి, అందులో అప్పూ, ఇన్సూరెన్స్ టోటల్ లాస్ సంగతీ వస్తాయి. 2017 అక్టోబరు నుంచి అలాంటి బండ్లకు వేసే గుర్తుల్లో ఎస్ అంటే ఛాసిస్ దెబ్బ తిన్నది, ఎన్ అంటే ఛాసిస్ కాక మిగతాచోట దెబ్బ తిన్నది. ఏ, బీ అయితే మళ్లీ రోడ్డెక్కకూడని బండి.

బేరం కుదిరాక తెచ్చుకోవలసింది: తేదీ, ఛాసిస్ నంబరు, మీటరు రీడింగు రాసిన ఇన్‌వాయిస్, ఒరిజినల్ వీ5సీ. అందులో శాశ్వత ఎగుమతి అనే ముక్కను నింపి, చించి స్వాన్సీలోని డీవీఎల్ఏకి, అంటే బ్రిటన్ ఆర్టీఏ లాంటి ఆఫీసుకి, పంపాలి. మిగతాదంతా మన దగ్గరే ఉండాలి. కంగారులో కొందరు మొత్తం ఆర్సీని పోస్టులో పడేస్తారు, ఆ తర్వాత ఇక్కడ రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. అక్కడి రోడ్డు టాక్సు 2014 అక్టోబరు నుంచి బండితో పాటు కొనుక్కున్నవాడికి రాదు. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే ఛాసిస్ నంబరిచ్చి, కవరు ఉందని రాతలో తీసుకున్నాకే తాళం తిప్పాలి. తిరుగు దారిలో డబ్లిన్ చుట్టూ ఉన్న ఎం50 రోడ్డు ఎక్కితే టోలుకు గేటుండదు, మర్నాడు రాత్రి 8 లోపు కట్టకపోతే జరిమానా.

ఎన్‌సీటీ కేంద్రంలో ఛాసిస్ నంబరు, వేరియంటు, రీడింగు చూస్తారు, బండి కండిషన్ కాదు. ఫోటో గుర్తింపు, పీపీఎస్ నంబరు (ఇక్కడ మన ఆధార్ లాంటిది), చిరునామా రుజువు, డిక్లరేషన్ ఫారం, ఇన్‌వాయిస్, వీ5సీ పట్టుకెళ్లాలి. పన్ను అక్కడికక్కడే కట్టాలి. రెవెన్యూ ధర ఎక్కువనిపించినా ముందు కట్టి, రెండు నెలల్లోపు అప్పీలు చేసుకోవాలి. అలాంటి బండ్లకే ఇక్కడి అమ్మకం ప్రకటనలు జతచేస్తే బలం. నంబరు చేతికొచ్చాక 3 రోజుల్లో ప్లేట్లు బిగించాలి. తర్వాత మోటార్ టాక్సు, నాలుగేళ్లు దాటిన బండికి ఎన్‌సీటీ పరీక్ష.

లెస్టర్‌లో ఉన్న మన బావ ఐర్లాండ్‌కు మారదామనుకుంటున్నాడుగా, ఆయన దారి వేరే. అక్కడ కనీసం 6 నెలలు సొంతంగా వాడిన బండిని కాపురం మార్చుకుంటూ తెచ్చుకుంటే వీఆర్‌టీ మినహాయింపు ఉంది, కానీ ముందే దరఖాస్తు పెట్టి ఆమోదం తీసుకోవాలి. తెచ్చాక 12 నెలల దాకా అమ్మకూడదు. అక్కడ కాపురమున్నట్టు కరెంటు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పట్నుంచే దాచుకోమనండి.

చిన్నోడికి ఒక్కటే చెప్పండి. కారు చూసే ముందు ఇన్సూరెన్స్ ఎంతంటారో కనుక్కోవాలి. ఇక్కడ మన లైసెన్సుతో కొత్తగా వచ్చినవాడికి ప్రీమియం ఎక్కువే, పదేళ్లు దాటిన బండికి కొన్ని కంపెనీలు కొటేషనే ఇవ్వవు. హైదరాబాద్‌లో వాడి కారుకు ఇన్సూరెన్స్ కట్టిన ఏళ్లకు నో క్లెయిమ్ లెటరు ఇంగ్లిషులో తీసి పెట్టుకోమనండి. ఇక్కడ ఒప్పుకునేది తక్కువే అయినా అడిగి చూడటంలో నష్టం లేదు.

పిన్నికి నమస్కారాలు.

ఇట్లు,
మీ పెద్దోడు