ధరల పోలికలో కనబడని కమిషన్

సంపాదకుల వారికి నమస్కారాలు.

అమెజాన్ లాంటి ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో కొంటే చవకా, అమ్మకందారు దగ్గర నేరుగా కొంటే చవకా అన్న ప్రశ్నకు పత్రికల్లో తరచుగా కనిపించే సమాధానం, రెండు ధరలను పక్కపక్కన వేసిన ఒక పట్టిక. ఆ శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ రెండు అంకెలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఏర్పడ్డాయన్న అభిప్రాయం పాఠకులకు కలుగుతుంది. చాలా సందర్భాల్లో అది నిజం కాదు. మార్కెట్‌ప్లేస్ వసూలు చేసే రుసుములూ, అది అమ్మకందారుల మీద పెట్టే ఒత్తిడీ కలిసి, అమ్మకందారు సొంత వెబ్‌సైట్‌లో ఉన్న ధరను కూడా పైకి నెట్టగలవు. ఈ సంగతిని వదిలేసిన పోలిక ఎంత ఓపికగా చేసినా కొనుగోలుదారుకు సగం నిజమే చెబుతుంది. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

మార్కెట్‌ప్లేస్‌లో వస్తువు అమ్ముతున్నది ఎవరన్న విషయంలోనే చాలామందికి స్పష్టత లేదు. ఈబే 1995లో మొదలైనప్పటి నుంచి ఇతరుల సరుకు అమ్ముకునే వేదికగానే ఉంది. అమెజాన్ మొదట సొంతంగా పుస్తకాలు అమ్మి, 2000లో బయటి అమ్మకందారులకు తలుపు తెరిచింది. నేడు అక్కడ అమ్ముడయ్యే వస్తువుల్లో సగానికి పైగా బయటివారివే. ఒకే వస్తువును పదిమంది అమ్ముతున్నా పేజీలో కొనుగోలు బటన్ ఒక్కరికే దక్కుతుంది. ఆ ఒక్కరి పేరు బటన్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మిగతావారి ధరలు చూడాలంటే మరో లింకు నొక్కి లోపలికి వెళ్లాలి, అంత దూరం వెళ్లేవారు తక్కువ. కాబట్టి ‘మార్కెట్‌ప్లేస్ ధర’ అని మనం రాసుకునే అంకె, ఆ క్షణంలో ఆ బటన్ దక్కించుకున్న అమ్మకందారు ధర మాత్రమే.

ఇక లెక్క దగ్గరికి వద్దాం. అమ్మిన ప్రతి వస్తువు మీద మార్కెట్‌ప్లేస్ తీసుకునే కమిషన్ వస్తువు రకాన్ని బట్టి మారుతుంది. అమెజాన్ అమెరికాలో ప్రకటించే రుసుముల పట్టికలో చాలా రకాల వస్తువులకు అది 15 శాతం, కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువులకు 8 శాతం. ఒక తయారీదారు తన వస్తువు మీద చేతికి 100 రావాలనుకున్నాడనుకుందాం. 15 శాతం కమిషన్ ఉన్నప్పుడు ధర 115గా పెడితే సరిపోతుందని పైకి అనిపిస్తుంది. సరిపోదు. కమిషన్‌ను అమ్మిన ధర మీద లెక్కగడతారు కనుక 115లో 17.25 పోయి అతనికి 97.75 మిగులుతుంది. నిండా 100 రావాలంటే ధర సుమారు 117.65 ఉండాలి. గిడ్డంగి, ప్యాకింగ్, రవాణా ఛార్జీలు, వాపసు వచ్చిన సరుకు మీద నష్టం దీనికి అదనం. అన్నిటినీ మించి, వెతికినప్పుడు పై వరుసలో కనబడడానికి అదే వేదికకు చెల్లించే ప్రకటనల ఖర్చు ఉంది. ప్రకటన ఇవ్వడమా మానడమా అన్నది పేరుకు అమ్మకందారు ఇష్టమే. కానీ మొదటి పేజీలో చాలా చోటును ప్రకటనలే ఆక్రమించినప్పుడు దాన్ని ఇష్టం అనడానికి నాకు మనసొప్పడం లేదు.

నేరుగా అమ్మినంత మాత్రాన ఖర్చులు మాయమైపోవన్నది కూడా ఒప్పుకోవాలి. పేమెంట్ గేట్‌వే రుసుము, కొరియర్, సొంత ప్రచారం, కొన్నవారి ఫోన్లకు జవాబు చెప్పే మనిషి జీతం, ఇవన్నీ అమ్మకందారు భరించాల్సినవే. పైగా రోజుకు లక్షల పార్సిళ్లు పంపే వేదికకు దొరికే కొరియర్ రేటు చిన్న తయారీదారుకు దొరకదు. అందువల్ల తేలికైన, తక్కువ ఖరీదు వస్తువులు నేరుగా కొంటే డెలివరీ ఛార్జీతో కలిపి ఎక్కువే పడవచ్చు. ఖరీదు పెరిగేకొద్దీ లెక్క తిరగబడుతుంది. కమిషన్ శాతంలో ఉంటుంది కనుక ధరతోపాటు అదీ పెరుగుతుంది. కొరియర్ ఖర్చు బరువును, దూరాన్ని బట్టి ఉంటుంది తప్ప ఖరీదుతోపాటు అదే పాళ్లలో పెరగదు. ఖరీదైన వస్తువు విషయంలో నేరుగా అమ్మేవారికి ధర తగ్గించే వీలు ఎక్కువ ఉంటుందని, అడిగి చూడటం దండగ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ధరల పట్టికలు ఈ తేడాను చూపించగా నేను చూడలేదు.

మరి అంత వీలున్నప్పుడు చాలామంది అమ్మకందారుల సొంత వెబ్‌సైట్‌లోనూ అదే ధర ఎందుకు ఉంటుంది? ఈ లేఖలో ముఖ్యమైన విషయం ఇదే. తన వేదిక మీద పెట్టిన ధర కన్నా తక్కువకు మరెక్కడా అమ్మకూడదన్న షరతును అమెజాన్ ఒకప్పుడు అమ్మకందారుల ఒప్పందాల్లోనే రాసుకుంది. బ్రిటన్, జర్మనీ పోటీ నియంత్రణ సంస్థల విచారణ తర్వాత 2013లో ఐరోపాలోనూ, 2019లో అమెరికాలోనూ దాన్ని వదులుకుంది. అయితే కాగితం మీద నుంచి పోయిన షరతు వేరే రూపంలో కొనసాగుతోందన్నది అక్కడి వ్యాపార పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణ. 2023 సెప్టెంబరులో 17 రాష్ట్రాలతో కలిసి వేసిన దావాలో, బయట తక్కువకు అమ్ముతున్నవారిని కనిపెట్టి, వారికి కొనుగోలు బటన్ దక్కకుండా చేస్తున్నారని, వెతుకులాటలో వెనక్కి నెడుతున్నారని ఆ సంస్థ పేర్కొంది. అమెజాన్ ఈ ఆరోపణలను తోసిపుచ్చింది. పోటీకి నిలవని ధరలను కొనుగోలుదారు ముందు పెట్టకపోవడం కొనుగోలుదారు మేలుకేనని వాదిస్తోంది. జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ కూడా 2025 జూన్‌లో ఇలాంటి ధరల నియంత్రణ పద్ధతిపై అభ్యంతరం తెలుపుతూ తన ప్రాథమిక అభిప్రాయాన్ని ప్రకటించింది.

న్యాయస్థానం ఏం తేలుస్తుందో ముందుగా చెప్పడం నా పని కాదు. కానీ ఇలాంటి ఒత్తిడి ఉన్నచోట ఏం జరుగుతుందో పై లెక్కలోనే ఉంది. కమిషన్ కోసం 117.65గా పెట్టిన ధరను అమ్మకందారు తన వెబ్‌సైట్‌లో 105కు తగ్గించలేడు. తగ్గిస్తే అమ్మకాల్లో ప్రధాన భాగం తెచ్చే చోట అతని వస్తువు కనబడకుండా పోతుంది. ఆ వేదికలో ఎన్నడూ అడుగుపెట్టని కొనుగోలుదారు కూడా దాని కమిషన్‌ను పరోక్షంగా చెల్లిస్తున్నాడన్నమాట. ఆ పరిస్థితిలో రెండు ధరలూ పక్కపక్కన వేసి ‘తేడా లేదు, కాబట్టి మార్కెట్‌ప్లేస్‌లోనే హాయిగా కొనండి’ అని సలహా ఇవ్వడం అన్యాయంగా తోస్తుంది.

హోటల్ గదుల విషయంలో ఈ వివాదం ఇంకా ముందే పరిపక్వానికి వచ్చింది. బుకింగ్ డాట్ కామ్ వంటి వేదికలు, తమ దగ్గర చూపే ధర కన్నా తక్కువకు హోటళ్లు సొంత వెబ్‌సైట్‌లో గది ఇవ్వకూడదని షరతు పెట్టేవి. ఫ్రాన్స్ 2015లో చట్టం చేసి దీన్ని నిషేధించింది. జర్మనీలో వ్యవహారం అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి 2021లో షరతు చెల్లదని తేలింది. గదిని తమ వేదికలో వెతికి, చివరికి హోటల్ దగ్గరే బుక్ చేసుకుంటే తాము మునిగిపోతామన్నది వేదికల వాదన. ఆ భయానికి ఆధారం కనబడలేదు. షరతు తీసేసిన తర్వాత కూడా జర్మనీలో బుకింగ్ డాట్ కామ్ మరింత బలపడిందే తప్ప వెనకబడలేదు. ఈ షరతులు అలాంటి సేవ నడవడానికి తప్పనిసరి కావని ఐరోపా న్యాయస్థానం కూడా 2024 సెప్టెంబరులో తీర్పునిచ్చింది. గదులకు వర్తించిన తర్కం వస్తువులకు ఎందుకు వర్తించదో నాకు అర్థం కాదు.

మార్కెట్‌ప్లేస్ తీసుకునే రుసుముకు ప్రతిఫలం లేదని నేను అనడం లేదు. ముక్కూ ముఖం తెలియని అమ్మకందారుకు ముందుగా డబ్బు పంపి ఎదురుచూసే భయం అక్కడ తక్కువ. వస్తువు పాడై వస్తే అడగడానికి ఒక చోటు ఉంటుంది, కొన్న చరిత్ర భద్రంగా ఉంటుంది. అచ్చు కంపెనీ వెబ్‌సైట్‌లాగే కనిపించే నకిలీ సైట్లలో డబ్బు పోగొట్టుకునేవారు ఉన్నంత కాలం ఆ భరోసాకు విలువ ఉంటుంది. అయితే ఆ భరోసా ఖరీదు ఎంతో తెలిస్తేనే అది మనకు అవసరమా కాదా అని తేల్చుకోగలం. తయారీదారు పాతికేళ్లుగా తెలిసినవాడైనప్పుడు, అతని చిరునామా, వారంటీ, మరమ్మతు ఏర్పాటు మన ఎదుటే ఉన్నప్పుడు ఆ భరోసాకు మళ్లీ డబ్బు కట్టాల్సిన పని లేదు. పైగా కొందరు తయారీదారులు తమ దగ్గరో, తాము గుర్తింపు ఇచ్చిన డీలర్ల దగ్గరో కొన్న వస్తువుకే వారంటీ వర్తింపజేస్తారు.

డిస్కౌంట్ల గురించి ఒక్క మాట. కొట్టేసిన పాత ధరను ఆధారం చేసుకుని చేసే పోలికకు అర్థం లేదు. ఐరోపా సమాఖ్యలో 2022 మే నుంచి, ధర తగ్గించామని ప్రకటించేవారు అంతకు ముందు 30 రోజుల్లో తాము అమ్మిన అతి తక్కువ ధరను చూపాలి. ఆ నియమం లేనిచోట కొట్టేసిన అంకెను పరిగణనలోకి తీసుకోకపోవడమే మంచిది.

ఈ కారణాల వల్ల మీకు చేస్తున్న విన్నపం ఏమిటంటే, ఇకపై ధరల పోలికలు ప్రచురించేటప్పుడు చెల్లింపు పేజీలో చివరగా కనిపించే మొత్తాన్నే, అంటే డెలివరీ, హ్యాండ్లింగ్ ఛార్జీలన్నీ కలిసిన మొత్తాన్నే రెండు వైపులా వేయండి. మార్కెట్‌ప్లేస్ ధర పక్కన అసలు అమ్మకందారు పేరు, ధర చూసిన తేదీ ఇవ్వండి. ఆ రకం వస్తువు మీద వేదిక వసూలు చేసే కమిషన్ శాతాన్ని కూడా ఒక వరుసలో చేర్చండి. చాలా వేదికలు దాన్ని అమ్మకందారుల కోసం ఉద్దేశించిన పేజీల్లో బహిరంగంగానే ఉంచుతాయి కనుక సేకరించడం కష్టం కాదు. వీలైతే, సొంత వెబ్‌సైట్‌లో ధర తగ్గించినందుకు వేదిక మీద అమ్మకాలు పడిపోయిన అనుభవం ఉన్న అమ్మకందారులను, వారి పేర్లు బయటపెట్టకుండా, మీ విలేకరులు పలకరించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు