కెమెరా వెలుతురు మీట మా చేతికి తిరిగి ఇవ్వండి: వీడియో సమావేశాల సాఫ్ట్‌వేర్ సంస్థకు ఫిర్యాదు లేఖ

అనంతపురం

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: కొత్త వెర్షన్‌లో కెమెరా బ్రైట్‌నెస్‌ను చేత్తో సరిచేసుకునే వీలు తొలగించడం, ఆటోమేటిక్ సర్దుబాటును ఆఫ్ చేసినా ఆగకపోవడం గురించి.

అయ్యా,

నేను అనంతపురంలో మా ఇంటి ముందు గదిలోనే చిన్న పట్టుచీరల దుకాణం నడుపుకుంటున్నాను. ధర్మవరం మగ్గాల మీద నేసిన చీరలను నేతగాళ్ల దగ్గర నేరుగా తీసుకుని, హైదరాబాదు, బెంగళూరులలోనూ విదేశాలలోనూ ఉన్న మనవాళ్లకు మీ సాఫ్ట్‌వేర్ ద్వారా వీడియోలో చూపించి అమ్ముకోవడమే నా జీవనాధారం. అందుకోసమే ఏడాది చందా కట్టి మీ పెయిడ్ ప్లాన్ తీసుకున్నాను. కొత్త వెర్షన్ వచ్చింది మొదలు నా కెమెరా ఏ రంగు చూపిస్తుందో నాకే నమ్మకం లేకుండా పోయింది. మీ సహాయ కేంద్రానికి పలుమార్లు రాసినా అసలు సమస్య జోలికి వెళ్లని జవాబులే వచ్చాయి కాబట్టి, ఈసారి సంగతి మొత్తం వివరంగా మీ ముందు పెడుతున్నాను.

పాత వెర్షన్‌లో వీడియో సెట్టింగ్స్ తెరిస్తే, తక్కువ వెలుతురు సర్దుబాటు దగ్గర ఆటో, మాన్యువల్ అని రెండు ఎంపికలు ఉండేవి. మాన్యువల్ పెట్టి స్లైడర్‌ను ఒకచోట నిలిపితే సమావేశం ముగిసేదాకా అది అక్కడే ఉండేది. ఇప్పుడు ఆ స్లైడర్ లేదు. ఆన్, ఆఫ్ మీట ఒక్కటే మిగిలింది. దాన్ని ఆఫ్ చేసినా చిత్రంలో వెలుతురు తనంతట తాను పెరుగుతూ తగ్గుతూనే ఉంటుంది. సమావేశం ముగించి మరొకటి మొదలుపెట్టేసరికి మీట తిరిగి ఆన్‌లోకి వచ్చేసి ఉంటుంది.

ముఖాలు చూసుకుని మాట్లాడుకునేవాళ్లకు ఇది చిన్న ఇబ్బందిగానే తోచవచ్చు, కానీ చీర చూపించేవాళ్లకు రంగే సరుకు. వంగపండు రంగు బాడీకి జానెడు జరీ అంచు ఉన్న చీరను బల్ల మీద పరిచానని అనుకోండి. కెమెరా ముందు బాడీ ఉన్నంతసేపు ఫ్రేము నిండా ముదురు రంగే కాబట్టి సాఫ్ట్‌వేర్ వెలుతురు పెంచేస్తుంది, దాంతో వంగపండు రంగు కాస్తా నాలుగు ఉతుకులు పడి వెలిసిన ఊదాలా కనిపిస్తుంది. చీరను అంచు వైపు జరపగానే జరీ మెరుపుకు వెలుతురు ఒక్కసారిగా పడిపోయి, అదే బాడీ నలుపులోకి దిగిపోతుంది. కొంగు విప్పేసరికి రంగు మరోలా ఉంటుంది. నెమలికంఠం చీరలతో ఇంకా కష్టం. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నేస్తారు కాబట్టి మడత తిప్పినప్పుడల్లా నీలంలోంచి పచ్చ తేలుతుంది. ఆ చీర అందమంతా అందులోనే ఉంది, దానికి పెట్టే ధర కూడా అందుకే. మడత తిప్పినప్పుడు మారినది పట్టు రంగో, సాఫ్ట్‌వేర్ చేసిన మార్పో కొనేవాళ్లు తేల్చుకోలేకపోతే, ఆ చీరను వీడియోలో చూపించి ప్రయోజనం లేదు.

మొన్నటి పెళ్లిళ్ల సీజనులో కూతురి పెళ్లికని హైదరాబాదు నుంచి ఒకావిడ వీడియోలో చూసి ఎంచుకున్న చీర, పార్సిల్ విప్పిన మర్నాడే తిరిగి వచ్చేసింది. చూపించింది ఒకటి, పంపింది ఒకటి అని ఆవిడ బాధపడ్డారు. నేను పంపింది అదే చీర, కానీ ఆవిడ మాటలోనూ తప్పు లేదు. తెర మీద చూసిన రంగు, చేతికి అందిన రంగు నిజంగానే వేరు. డబ్బు వాపసు చేశాను, కొరియర్ ఖర్చు నేనే భరించాను. ఆవిడ బంధువులలో మరికొందరు కొనవలసింది, వాళ్లు మళ్లీ ఫోను చేయలేదు. చీరల వ్యాపారం మాట మీద నడిచేది. పోయిన ఆ నమ్మకానికి నేను వెల కట్టలేను, అయినా ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

మీ సహాయ కేంద్రం చెప్పినవన్నీ చేశాను. లెన్సు తుడిచాను, కిటికీ కెమెరాకు ఎదురుగా పడకుండా బల్ల జరిపాను, రెండు వైపులా ఎల్ఈడీ దీపాలు పెట్టాను, సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ వేశాను, కెమెరా డ్రైవర్ అప్‌డేట్ చేశాను. ఫలితం లేకపోయింది. ఆ తర్వాత లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికి అదే కెమెరాను, అదే దీపాల కింద, అదే చీర మీద పెట్టి విండోస్‌లో ఉండే కెమెరా యాప్‌లో చూశాను. చిత్రం నిలకడగా ఉంది. విండోస్ 11 సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్ కింద ఉన్న కెమెరాస్ పేజీలో బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ నాకు కావలసినట్టు పెట్టాను, కెమెరా కంపెనీవారి సొంత యాప్‌లో ఎక్స్‌పోజర్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు తీసుకునే సమయాన్ని, మాన్యువల్‌లోకి మార్చాను. బ్రౌజరులో నడిచే వేరొక సమావేశ సేవలోనూ ఆ అమరిక చెదరలేదు. మీ సాఫ్ట్‌వేర్‌లో సమావేశం మొదలైన మరుక్షణం మాత్రం ఎక్స్‌పోజర్ ఆటోలోకి మారిపోయింది. కెమెరా కంపెనీవారి యాప్‌ను పక్కనే తెరిచి ఉంచితే ఆ గుర్తు మారడం కంటికి కనిపిస్తోంది. కాబట్టి లోపం కెమెరాలోనూ గది వెలుతురులోనూ లేదు, కెమెరాకు ఆదేశాలు పంపుతున్నది మీ ప్రోగ్రామే.

మీ ఇంజినీర్లకు తెలియని విషయాలు కావు గానీ, సహాయ కేంద్రంలో జవాబులు రాసేవారికి అర్థం కావాలని కొంచెం చెబుతాను. ఆటో ఎక్స్‌పోజర్ ఫ్రేములోని వెలుతురు సగటును లెక్కగట్టి, దాన్ని మధ్యస్థమైన బూడిద స్థాయికి తేవాలని చూస్తుంది. ముదురు రంగును అది చీకటి అనుకుంటుంది, జరీని ఎక్కువైన వెలుతురు అనుకుంటుంది. దీనికి తోడు మీ ప్రోగ్రాము కెమెరా నుంచి వచ్చిన చిత్రం మీద తాను మరోసారి వెలుతురు పెంచుతోంది. చిత్రంలోని ఒక్కో చుక్క, అంటే పిక్సెల్, వెలుతురు విలువ 0 నుంచి 255 వరకే ఉంటుంది. జరీ మీది పిక్సెళ్లు 255 తాకాయంటే, ఆ అంచులోని హంసలూ మామిడి పిందెలూ అన్నీ ఒకే తెల్లటి ముద్దలో కలిసిపోతాయి, తర్వాత ఎంత తగ్గించినా తిరిగి రావు. ఇంకొకటి, వెలుతురు చాలదని లెక్క వేసినప్పుడు సెకనుకు 30 ఫ్రేములను 15కు దించి ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సమయం తీసుకుంటోంది. కుచ్చిళ్లు కదిపి చూపిస్తే చిత్రం అలికేసినట్టు వస్తున్నది అందుకే.

తెర మీద అడ్డంగా పాకే నల్లటి చారల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు; ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు వెలుతురు పెరిగి తగ్గుతుంది కాబట్టి ట్యూబులైటు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కెమెరా ఎక్స్‌పోజర్ సెకనులో 50వ వంతో 100వ వంతో అయితే చారలు రావు. 60 హెర్ట్జ్ దేశాల లెక్కన 60వ వంతో 120వ వంతో పెడితే వస్తాయి. కెమెరా యాప్‌లో 50 ఎంచుకుని ఉంచినా మీ సమావేశంలోకి రాగానే చారలు మొదలవుతున్నాయి కనుక, ఆ ఎంపికను కూడా మీ ప్రోగ్రాము లెక్కచేయడం లేదని నేను భావిస్తున్నాను.

ఆటోమేటిక్ సర్దుబాటును తీసేయమని నేను అడగడం లేదు. చీకటి గదిలో కూర్చుని మాట్లాడేవారికి అది నిజంగా ఉపయోగమే. అయితే ఆఫ్ అని రాసిన మీట నొక్కితే అది ఆగాలి. మాన్యువల్ స్లైడర్‌ను తిరిగి ఇవ్వాలని, నేను పెట్టిన విలువ తర్వాతి సమావేశానికి కూడా నిలవాలని, కెమెరాలో నేను ముందే నిర్ణయించుకున్న ఎక్స్‌పోజర్, 50 హెర్ట్జ్ ఎంపికలను నా అనుమతి లేకుండా మార్చకూడదని కోరుతున్నాను. ఇది తయారయ్యే వరకు పాత వెర్షన్‌ను వాడుకునే వీలు కల్పించండి. అదీ కుదరకపోతే చందాలో మిగిలిన కాలానికి డబ్బు తిరిగి ఇవ్వండి. చందా కట్టినప్పుడు ఉన్న సౌకర్యాన్ని చందా నడుస్తుండగా ముందస్తు సమాచారం లేకుండా తీసివేయడం న్యాయం కాదు.

ఈ లేఖ అందిన 15 రోజుల లోపల, ముందుగా తయారుచేసి ఉంచిన జవాబు కాకుండా, సాంకేతిక విభాగంలో ఎవరైనా పరిశీలించి రాసిన సమాధానం పంపవలసిందిగా ప్రార్థన. అది రాని పక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, అక్కడా పరిష్కారం కాకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. వ్యాపారానికి వాడుకున్నందున నేను వినియోగదారును కానని మీ న్యాయ విభాగం అనవచ్చు; స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వస్తువులు కొని వాడుకునేవారిని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఆ మినహాయింపులో చేర్చలేదు, ఆ సూత్రం నా చందాకూ వర్తించాలన్నది నా వాదన; నివాసం ఉన్న చోటే ఫిర్యాదు చేసుకునే వీలు కూడా ఆ చట్టం ఇచ్చింది.

ఒకే చీరను, ఒకే దీపాల కింద, ఒకే కెమెరాతో విండోస్ కెమెరా యాప్‌లోనూ మీ సమావేశంలోనూ రికార్డు చేసిన రెండు వీడియోలు, నా వీడియో సెట్టింగ్స్ పేజీ చిత్రం, చందా రసీదు ఈ లేఖకు జతచేశాను. మీ ఇంజినీర్లు కోరితే వారితో సమావేశంలో కూర్చుని, చీర పరిచి, లోపాన్ని నేరుగా చూపించడానికి సిద్ధంగా ఉన్నాను. శ్రావణం రాకముందే ఇది సరిదిద్దితే మా వంటి చిన్న వ్యాపారులకు మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
భవదీయురాలు,
పట్టుచీరల వ్యాపారి, అనంతపురం