ఒక్క ముక్కలో తేలని కథ

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బ్రిటిష్ రచయిత కజువో ఇషిగురో తొలి నవల ‘ఎ పేల్ వ్యూ ఆఫ్ హిల్స్’ మీద వచ్చిన సమీక్ష చదివాను. 1982లో ఇంగ్లీషులో వెలువడిన ఈ నవలను జపాన్ దర్శకుడు కేయి ఇషికావా సినిమాగా తీయడంతో, 2025 నుంచి అది మళ్ళీ చర్చలోకి వచ్చింది. మీ పత్రిక దానికి అర పేజీ కేటాయించడం సంతోషమే. అయితే సమీక్షకులు ఆ నవలను ఒక పొడుపుకథగాను, కథ చెప్పే ఎత్సుకోను అబద్ధాలకోరుగాను తేల్చి, చివరి పేరాలో విడుపు కూడా చెప్పేశారు. గుట్టు ముందే బయటపెట్టారన్నది నా ఫిర్యాదు కాదు. నలభై ఏళ్ళు దాటిన నవల ముగింపు చెప్పడం నేరమేమీ కాదు, ఈ ఉత్తరంలో నేనూ చెప్పబోతున్నాను. ఆ విడుపు నవలను చిన్నది చేసిందన్నదే నా అభ్యంతరం.

చదవని పాఠకుల కోసం కథ కొంత చెప్పాలి. ఎత్సుకో అణుబాంబు పడిన తర్వాతి నాగసాకిలో కాపురం చేసి, ఆ తర్వాత ఒక ఆంగ్లేయుణ్ణి పెళ్ళాడి, మొదటి భర్త వల్ల కలిగిన కూతురు కేయికోను వెంటబెట్టుకుని ఇంగ్లండు చేరిన జపాన్ స్త్రీ. కథ మొదలయ్యేసరికి రెండో భర్త చనిపోయాడు. ఆమె ఊరవతల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. కేయికో మాంచెస్టర్‌లో ఒక అద్దెగదిలో ఆత్మహత్య చేసుకుంది. అక్కడికి వెళ్ళక ముందు రెండు మూడేళ్ళు ఆ అమ్మాయి తల్లి ఇంట్లోనే తన గది తలుపు మూసుకుని బతికింది. ఎవరినీ లోపలికి రానివ్వదు, భోజనం వంటింట్లో ఉంచితే కిందికి వచ్చి తీసుకుపోయేది. ఇప్పుడు లండన్‌లో ఉండే చిన్న కూతురు నికి ఐదు రోజులు ఉండిపోదామని వస్తుంది. ఆ ఐదు రోజుల్లో ఎత్సుకో పోయిన కూతురి గురించి నోరు విప్పేది చాలా తక్కువ. తాను కేయికోను కడుపుతో ఉన్న వేసవిలో నాగసాకిలో పరిచయమైన సచికో అనే స్త్రీనీ, ఆమె కూతురు మరికోనూ మాత్రం పదే పదే తలచుకుంటుంది. సచికో ఒక అమెరికన్ వెంట దేశం విడిచి వెళ్ళాలని చూస్తుంది. ఆ పిల్లకు ఇష్టం లేదు. అది ప్రాణంగా చూసుకునే పిల్లికూనలను తీసుకువెళ్ళడం కుదరదని తల్లి వాటిని కూతురి కళ్ళ ముందే ఏటి నీళ్ళలో ముంచేస్తుంది. నవల చివర, ఇనాసా కొండ మీదికి కేబుల్ కారులో వెళ్ళిన రోజును నికికి చెబుతూ, ఆ రోజు కేయికో సంతోషంగా ఉందని ఎత్సుకో అనేస్తుంది. ఆ విహారం గురించి మనం ముందే చదివాం. వెంట వెళ్ళినది సచికో, మరికో. కేయికో అప్పటికి పుట్టనే లేదు.

ఈ ఒక్క మాట పట్టుకుని మీ సమీక్షకులు సచికో అనే మనిషే లేదనీ, ఎత్సుకో తన తప్పును లేని స్నేహితురాలి నెత్తిన రుద్దిందనీ తీర్పు ఇచ్చారు. కొంతవరకు నవల అందుకు చోటిస్తుంది, కాదనను. కానీ సచికో నిజంగానే ఉండి ఉండవచ్చు, ఏళ్ళు గడిచే కొద్దీ ఆమె కథలోకి ఎత్సుకో కథ కలిసిపోయి ఉండవచ్చు. కూతురిని పోగొట్టుకున్న తర్వాతే ఆ పాత వేసవికి ఇంత అర్థం వచ్చి ఉండవచ్చు. రచయిత ఎటూ ముద్ర వేయలేదు. పైగా జ్ఞాపకం అంత నమ్మదగినది కాదనీ, తలచుకునే నాటి పరిస్థితుల రంగు దానికి అంటుకుంటుందనీ ఎత్సుకో తానే చెబుతుంది. మనల్ని మోసగించాలనుకున్న మనిషి తన మాటను నమ్మవద్దని ముందుగా హెచ్చరిస్తుందా?

జ్ఞాపకం మారడానికీ అబద్ధమాడడానికీ మధ్య ఉన్న దూరాన్ని శాస్త్రజ్ఞులు ఎన్నడో చూపించారు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదివించి, కొంత కాలం ఆగి దాన్ని తిరిగి చెప్పమంటే, చెప్పేవారు తమకు తెలియని వివరాలను వదిలేసి, తెలిసిన వాటితో ఆ ఖాళీలు పూరించారని 1932లో తన పుస్తకంలో రాశారు. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదాల చిత్రాలు చూపించి, ఎంత వేగంతో తగిలాయని కొందరినీ, ఎంత వేగంతో నుజ్జయ్యేలా గుద్దుకున్నాయని మరికొందరినీ అడిగారు. వారం తర్వాత అడిగితే, చిత్రంలో ఎక్కడా లేని పగిలిన అద్దాలను చూశామని చెప్పినవారు రెండో గుంపులోనే ఎక్కువ. వారిలో అబద్ధాలకోరులెవరూ లేరు.

ఇంత దూరం వెళ్ళనక్కరలేదు కూడా. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారని నగరంలో చెప్పుకుంటారు. మా ముత్తాత ఆ చెట్టెక్కినవాడే అని చెప్పే కుటుంబాలన్నిటినీ కలిపితే ఆ కొమ్మలు నిలిచేవి కావేమో! ఆ ఇళ్ళల్లో ఎవరూ కావాలని కల్పించి ఉండరు. ఎవరో విన్నది, ఎవరో చూసినది, నాలుగు తరాల్లో సొంతమైపోతుంది. ఎత్సుకో విషయంలో ఆ పని ఒక్క మనిషి లోపలే, ఒక్క జీవితకాలంలోనే జరిగింది.

ఇలాంటి కథనం తెలుగు పాఠకులకు కొత్త అన్న సమీక్షలోని వాక్యంతోనూ నేను ఏకీభవించలేను. తల్లికి అంటిన అపవాదు నీడలో బతుకంతా నడిచిన దయానిధిని బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో చూపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి మనసులో ఒక్క రోజున పోటెత్తిన జ్ఞాపకాలతో నవీన్ రాసిన ‘అంపశయ్య’ 1969లో అచ్చయింది. వాటిని తలకెత్తుకున్న పాఠకులకు ఎత్సుకో అందదని ఎందుకు అనుకోవాలి?

ఇక అసలు విషయం. ఈ నవలలో వార్తాపత్రికలకూ ఒక చోటుంది. కేయికో మరణాన్ని ఇంగ్లండు పత్రికలు ఆమె జపాన్ అమ్మాయి అనీ, తన గదిలో ఆత్మహత్య చేసుకుందనీ మాత్రమే రాశాయని, జపాన్ వారికి అది పుట్టుకతో వచ్చిన గుణమన్నట్టు ఆ పైన వివరణ అవసరం లేదనుకున్నాయని తల్లి చేదుగా చెబుతుంది. అది చదివినప్పుడు నాకు మన పత్రికల జిల్లా పేజీలు గుర్తొచ్చాయి. ‘మనస్తాపానికి గురై’, ‘జీవితంపై విరక్తి చెంది’, ‘కుటుంబ కలహాలతో’ అని మనమూ ఒక్క ముక్కలో కారణం రాసి ముగిస్తాం; మీ పత్రికా అందుకు మినహాయింపు కాదు. ఆత్మహత్యకు ఒకే కారణాన్ని అంటగట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకు సూచిస్తూనే ఉంది. ఆ సంస్థ సూచనల ఆధారంగా ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. వార్త రాసేవారికి గడువు ఉంటుంది, పోలీసులు చెప్పిన ముక్క చేతిలో ఉంటుంది. వారి ఇబ్బంది అర్థం చేసుకోగలను. కానీ ఆ ఒక్క ముక్క ఆ ఇంట్లో ఎన్నేళ్ళు మోగుతుందో చెప్పడానికే ఇషిగురో ఈ నవలంతా రాశారు. తీరిగ్గా చదివి రాసే సమీక్షలోనూ ఎత్సుకోను అదే పద్ధతిలో, తల్లి స్వార్థం వల్ల కూతురు చనిపోయింది, తల్లి దాన్ని దాచిపెట్టింది, అని ఒక్క వాక్యానికి కుదించడం నన్ను బాధపెట్టింది. ఎత్సుకో తనను తాను ఇంతకన్నా కఠినంగానే విచారించుకుంటోంది. ఆ విచారణను మనం చూడాలనే సచికో కథ అంత పొడుగునా సాగుతుంది.

జిల్లా పేజీల సంపాదకులు ఆ పడికట్టు మాటలను పక్కన పెట్టాలనీ, కారణం తెలియనప్పుడు తెలియలేదనే రాయాలనీ నా మనవి. సాహిత్య పేజీ విషయానికి వస్తే, సమీక్షలో అసలు ప్రస్తావనకే రాని భాగం ఒకటుంది. ఎత్సుకో మామగారు ఒగాటా రిటైరైన ఉపాధ్యాయుడు. యుద్ధానికి ముందు తరం పిల్లలకు నేర్పిన చదువు వారిని తప్పుదారి పట్టించిందని, ఆయన చేసిన పనుల వల్ల కొందరు ఉపాధ్యాయులు జైలుపాలయ్యారని, తన కొడుకు చిన్ననాటి స్నేహితుడే మొహం మీద అంటాడు. ఒగాటా ఒప్పుకోడు. దేశం కోసం చిత్తశుద్ధితో పనిచేశామనే ఆయన గుర్తుపెట్టుకున్నాడు, అలాగే చెబుతాడు. కొడుకు ఆ ప్రసక్తి వచ్చినప్పుడల్లా తప్పించుకుంటాడు. ఒక తల్లి జ్ఞాపకం పక్కనే ఒక దేశం జ్ఞాపకాన్ని రచయిత ఎందుకు నిలబెట్టారో, ఎత్సుకోను అబద్ధాలకోరు అన్నవారు ఒగాటాను ఏమంటారో మీ సమీక్షకులు రాస్తే చదవాలని ఉంది. ఈసారి వారికి పూర్తి పేజీ ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు,
నల్లకుంట, హైదరాబాద్